నిదానిస్తే ఆగిపోయే మోటారు

మా వంశంలో అందరూ వరి పండించినోళ్ళే. నీళ్ళంటే మడిలో మోకాటి లోతు, అంతకు మించి మాకు పని లేదు. అట్లాంటి ఇంట్లో పుట్టి, ఆత్తిపట్టు కరెంటు ప్లాంటులో ఉద్యోగం చేసి రిటైరైన మా నాయన, ఉన్నట్టుండి పడవ కొన్నాడు. పాత ఫైబర్ పడవ, దాని వెనక తగిలించే పెట్రోలు మోటారు. మా ఇల్లేమో పొన్నేరిలో, పడవేమో పళవేర్కాడు సరస్సులో. ఎందుకు నాయనా మనకిది అంటే, ఇన్నేండ్లూ మిషన్ల మోతలో బతికినా, ఇంక మీ అమ్మను కూర్చోబెట్టుకొని నీళ్ళ మీద తిరగాల అన్నాడు. ఆయన కోరిక అదొక్కటే.

అమ్మకు నీళ్ళంటే చచ్చేంత భయం. మోటారు మధ్యలో ఆగకుండా ఆడేది కళ్ళారా చూస్తేనే ఎక్కుతానని తేల్చి చెప్పేసింది.

ఆ మోటారుకున్న జబ్బే అది. వేగంగా పోతే ఏ రోగమూ లేదు. ఒడ్డు దగ్గర నిదానం చేస్తే చాలు, నాలుగు దగ్గులు దగ్గి ఆగిపోతాది. గాలికి పడవ యాడికో కొట్టుకుపోతాది. దీనికి నాయన ఒక ఉపాయం కనిపెట్టినాడు, అసలు నిదానమే చెయ్యకుండా ఒడ్డుకు రావడం. ఒడ్డున వలలు బాగు చేసుకొనేవాళ్ళు ‘మెదువా, మెదువా’, నిదానం నిదానమని అరవంలో మొత్తుకుంటా, వలలెత్తుకొని పరిగెత్తేవాళ్ళు. ఒకసారి పడవ సగం ఇసకలోకి ఎక్కి కూర్చునింది. ఆ సంబడం విని అమ్మ ఇంకా బిగుసుకుపోయింది.

పొన్నేరి మెకానిక్ ప్లగ్గు మార్చినాడు, పెట్రోలు పైపు మార్చినాడు, కార్బురేటర్ విప్పి కడిగినాడు. షెడ్డులో నీళ్ళ డ్రమ్ములోకి దించి తిప్పితే మోటారు ఎంతసేపైనా నిదానంగా ఆడేది. ఇంటికి తెచ్చి, పొద్దున్నే సరస్సుకు తీసుకుపోతే మళ్ళీ అదే దగ్గు. ఇట్లా ఎన్నిసార్లో. మెకానిక్ లోపల గట్టిపడిన మురికి చూసి ఉప్పుగాలిని తిట్టినాడు, నాయన పెట్రోలును తిట్టినాడు. ఆ దరిద్రాన్ని పాత ఇనుముకు వేసెయ్యమని నేనంటే, నాయన నాతో మాట్లాడ్డం మానేసినాడు.

ఒక శుక్రవారం, మెకానిక్ దగ్గర్నించి మోటారొచ్చిన మర్నాడు, అమ్మ కూడా మాతో వచ్చింది. పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకొని ఒడ్డున కూర్చొని, ఏదీ ఆడించు చూస్తానింది. మోటారు ఆమె మొహమ్మీదే దగ్గి ఆగిపోయింది. నాయన మూత తీసి, లోపలికి తల పెట్టి, అట్లే ఉండిపోయినాడు.

“ఏమే, పెట్రోలు వాసన రావాల్సిన చోట గుడి వాసన వస్తా ఉండాది.”

నేనూ వంగి చూసినా. మోటారు గాలి పీల్చుకొనే నోటి అంచున, గుండ్రంగా, తిరుత్తణి చందనం బొట్టు. మధ్యలో కుంకుమ. దాని వెనక పిన్నీసు మొన దూరేంత కన్నం. నిదానంగా ఆడేటప్పుడు మోటారుకు కావాల్సిన గాలి ఆ కన్నంలోంచే పోవాల.

మా ఇంట్లో మిక్సీ అయినా సరే, కొన్నా, రిపేరై వచ్చినా పూజ జరగాల్సిందే. అది తెలిసీ మాకు తట్టలేదు. కొన్న రోజు మొదలు, షెడ్డు నించి వచ్చిన ప్రతిసారీ అమ్మే మూత తీసి మరీ బొట్టు పెడతా ఉండాదంట. మూత మీద పెడితే టోపీకి బొట్టు పెట్టినట్లుంటాది, మొహానికి పెట్టొద్దా అని మమ్మల్నే దబాయించింది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాయన చేత్తోనే నన్ను ఆపినాడు. అమ్మ చీరకున్న పిన్నీసే అడిగి తీసుకొని, కన్నంలో గట్టిపడిన చందనాన్ని గీకేసినాడు. తాడు లాగినాడు. మోటారు గుడగుడమంటా, నిదానంగా, ఆగకుండా ఆడింది. వలలోళ్ళు కూడా తలెత్తి చూసినారు.

ఇంక ఎక్కవే అన్నాడు నాయన. బొట్టు చెరిపేసిన బండి ఎక్కనని అమ్మ మొండికేసింది. నేను పండ్లు కొరుక్కున్నా. అప్పుడు ఆమె నాయన వైపు తిరిగింది.

“నువ్వు ఈ నీళ్ళ మీదికి పోతే, తిరిగొచ్చేదాకా నాకు ముద్ద దిగదయ్యా. మిషన్ల సంగతి నాకేం తెలుసు? నాకు చేతనైంది అదొక్కటే.”

నాయన పడవలోంచి దిగొచ్చి, ఆమె ముందర తల వంచినాడు.

“సెరి, నాకు పెట్టు. నడిపేది నేనే గదా.”

కొంగుముడిలోంచి చందనం తీసి పెట్టింది. ఆయన భుజం పట్టుకొని పడవెక్కింది. వలలోళ్ళను పరిగెత్తించిన మనిషి, ఆ పొద్దు నడిచిపోయేవాడి కంటే నిదానంగా పోనిచ్చినాడు. మోటారు ఒక్కసారి కూడా దగ్గలేదు. పడవ చిన్నదై, చిన్నదై, ఎండలో కనిపించకుండా పోయింది.

నేనొక్కదాన్నే ఒడ్డున కూర్చొని పులిహోర డబ్బా తెరిచినా. మంచి ఆకలి మీద ఉన్నా. వాళ్ళిద్దరూ తిరిగొచ్చేదాకా ఒక్క ముద్ద దిగలేదు.