కొసరు గాలి

కార్తీకం, ఆదివారం. కోదాడ, బావ ఇల్లు. ఉన్నవారు: మంచం మీద బావ, పక్కన అక్క, వాళ్ళ కోడలు, నేను.

ఆ రోజు నా డైరీ ఇలా మొదలవుతుంది. బావను సూర్యాపేట దవాఖాన నుంచి ఇంటికి తెచ్చి వారం కాలేదు. మిర్యాలగూడ రైస్‌మిల్లు దుమ్ము, ఆపైన బీడీలు కలిసి ఆయన ఊపిరితిత్తులను తినేశాయి. ఇంట్లో ఆక్సిజన్ మిషన్ పెట్టాము. దాని సన్నని గొట్టం బావ చెవుల మీదుగా వచ్చి ముక్కు దగ్గర ఆగుతుంది. మిషన్ మీద గాజు గొట్టంలో, గాలి ఎంత వస్తుందో చూపే చిన్న గుండు తేలుతుంటుంది. అది రెండో గీత దాటకూడదని, గాలి ఎక్కువైతే ఈ జబ్బున్నవాళ్ళకు మత్తు కమ్ముతుందని డాక్టర్ కోడలికి చెప్పారు. కోడలు అక్కతో మిషన్ ముట్టుకోవద్దని మాత్రమే అన్నది, ఎందుకో చెప్పలేదు.

అక్క జీవితమంతా ఇంటింటికీ పాలు పోసింది. మిర్యాలగూడలో మిల్లు పక్క సందులో వాళ్ళు కిరాయికి ఉన్నప్పుడు సెలవులకు వెళ్ళేవాణ్ణి. ఉడికిన వడ్ల వాసన సందంతా నిండేది. బావ ఒళ్ళంతా తవుడుతో వచ్చి, కనుబొమలు నా మీద దులిపి నవ్వించేవాడు. అక్క కొలిచిన పాల మీద, అడగకపోయినా, ఇంకో ధార పోసేది. కొసరు వేయని చెయ్యి ఇంటికి మంచిది కాదనేది. అన్నం దగ్గరా అంతే. చాలన్నాకే అసలు ముద్ద పడేది.

ఆ మధ్యాహ్నం నేను బజారుకు వెళ్ళి వచ్చేసరికి బావ గురక పెడుతున్నాడు. ఇన్నాళ్ళకు కంటినిండా పడుకున్నాడని అక్క సంబరపడింది. పిలిచి చూశాను. కళ్ళు సగం తెరిచి, నన్ను మిల్లు మేస్త్రీ అనుకుని ఏదో గొణిగి మళ్ళీ మూశాడు. గాజు గొట్టంలో గుండు పైగీతకు ఎక్కి ఉంది.

"ఎవరు తిప్పిండ్రక్కా?"

"నేనే తమ్మీ. ఆయాసపడే మనిషికి గాలి గూడ కొలిచి పోస్తరా? జర ఎక్కువ పెట్టిన."

కోడలు డాక్టర్‌కు ఫోన్ చేసింది. గుండును రెండుకు దించమని, గొట్టం తీయవద్దని, కూర్చోబెట్టి మాట్లాడించమని, తెలివి రాకపోతే వెంటనే తీసుకురమ్మని చెప్పారు. కోడలు గుండు దించి కారు పిలిపించింది. నేను బావను ఆనించి కూర్చోబెట్టి మిల్లు సంగతులన్నీ అడిగాను. అక్క ఆయన పాదాలు పట్టుకుని, "నేనే సంపుకుంటినా తమ్మీ" అన్నది. 

కారు వాకిట్లోకి వచ్చేసరికి బావ కళ్ళు నిలిపి, అది ఎవరి కారని అడిగాడు. ఫోన్లో బావ మాట తీరు విని డాక్టర్ కాస్త కుదుటపడ్డారు. కనిపెట్టుకుని ఉండి, తెల్లవారి తీసుకురమ్మన్నారు.

మరునాడు పొద్దున సూర్యాపేట వెళ్ళేముందు బావ మొహం కడుక్కుంటానని లేచాడు. అక్క గొట్టం ఎక్కడా మడత పడకుండా రెండు చేతులతో ఎత్తి పట్టుకుని వెనకే నడిచింది.

"ఏందే, గొర్రెకు తాడు పట్టినట్టు పట్టినవ్?" అన్నాడు బావ.

"నడువు" అన్నది అక్క. ఆయన మొహం తుడుచుకునేదాకా కదలలేదు.