ఒంటికన్ను కావలివాడు తొవ్వలో ఉన్నాడు

చిన్నప్పటి మా పక్కింటి చిన్నవ్వ పోయిందని ఆమె మనుమరాలు ఫోన్ చేసి చెప్పింది. నిర్మల్‌లో మా గల్లీలో నాకంటే ముందు పుట్టినవాళ్ళలో ఆమే ఆఖరు. ఫోన్ పెట్టేసే ముందు ఆ పిల్ల ఇంకో మాట అంది: "మామా, నీ బొమ్మల పుస్తకం అమ్మమ్మ తల కింద, మెత్త అడుగునే ఉన్నది." చావు కబురుకు కొంత సిద్ధపడే ఉన్నాను. ఈ రెండో మాటకు లేను. ఎందుకో చెప్పాలంటే బీడీల దగ్గర మొదలుపెట్టాలి.

చిన్నవ్వ, అంటే మా వైపు పిన్ని వరస, బీడీలు చుట్టేది. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. ఆకు చుట్టి, కొస మడిచి, ఎడమ బొటనవేలి గోరుతో నొక్కేది. ఆ గోరు ఆమె తీయగా నేనెప్పుడూ చూడలేదు. బీడీలు చుట్టేవాళ్ళకు చేతులు ఖాళీ ఉండవు, చెవులు ఖాళీగా ఉంటాయి. అందుకని మా గల్లీలో ఎవరో ఒకరు ఏదో ఒకటి చదివి వినిపించడం ఉండేది. చిన్నవ్వ అరుగు మీద ఆ పని నాకు పడింది. బీడీల లెక్క చూసే మునీము పిల్లలు చదివి పారేసిన బొమ్మల కథలను, బీడీలు అప్పజెప్పి వచ్చేటప్పుడు ఆమె కొంగులో చుట్టుకుని తెచ్చేది. వారానికొక భాగం.

చిక్కేమిటంటే, నేను మూడో తరగతిలోనే బడి మానేశాను. వత్తులున్న మాట ఎదురైతే పక్క సందులోంచి తప్పుకునేవాణ్ణి. తరువాత నాకు చదువు చెప్పినవి కిరాణా పొట్లాల కాగితాలు. అందుకే నాకు తెలిసిన కథల్లో సగానికి మొదలు లేదు, మిగతా సగానికి ముగింపు పల్లీలతోపాటే అయిపోయింది. సరే, అది వేరే సంగతి.

కాబట్టి బొమ్మలు చూసి కథ అల్లేవాణ్ణి. కోటలో ఒక రాణి బందీ. ఆమెకు కాపలా ఒక ఒంటికన్నువాడు. మూడో భాగంలో వాడు గుర్రమెక్కి కోట దాటి పోతాడు. ఎందుకు పోయాడో అచ్చులో ఉంది, అది నాకు అందలేదు. రాణికి సాయం తేవడానికి పోయాడని చెప్పేశాను.

ఆ ఏడే చిన్నవ్వ పెనిమిటి బొంబాయి మిల్లులో పనికని పోయాడు. రెండు ఉత్తరాలు వచ్చాయి, మూడోది రాలేదు. తోటి ఆడవాళ్ళు ఎత్తిపొడిస్తే ఆమె ఊరుకునేది కాదు. "ఆయన ఫికర్ నీకెందుకే, నీ ఆకు ఎండుతుంది సూసుకో" అనేది. నేను పుస్తకం తెరవగానే మాత్రం తల ఎత్తకుండా అడిగేది, "వచ్చిండా వాడు?"

బొమ్మ బొమ్మా వెతికేవాణ్ణి. గుర్రం లేదు, ఒంటికన్నూ లేదు. ఆమె గోరు ఆకు మీద ఆగి ఉండేది. "తొవ్వల ఉన్నడు చిన్నవ్వా, వస్తుండు" అనేవాణ్ణి. అప్పుడు గోరు నొక్కేది, బీడీ పూర్తయ్యేది.

పదకొండో భాగం దాకా వాణ్ణి అలాగే దారిలోనే నడిపించాను. పన్నెండోది రాకముందే మునీము కుటుంబం ఊరు మారింది. బొంబాయి నుంచి ఆ మనిషీ రాలేదు. చిన్నవ్వ బీడీలు చుట్టుకుంటూనే బిడ్డను పెంచింది, పెళ్ళి చేసింది. నా జుట్టు తెల్లబడ్డాక కూడా నన్ను పిలగా అనే పిలిచింది.

ఈ ఏడాది కరీంనగర్‌లో, పాత పుస్తకాల దుకాణంలో, ఆ పన్నెండు భాగాలూ ఒకే బైండులో దొరికాయి. అక్కడి నుంచే సంబరంగా ఆమెకు ఫోన్ చేశాను. చదవడం ఆ తరువాత. నోటి తరువాతే నాకు బుర్ర పని చేస్తుంది. బస్సులో మూడో భాగం తెరిచాను. ఒంటికన్నువాడు సాయానికి పోలేదు. రాణిని శత్రువుకు అప్పగించి తన దారి తాను చూసుకున్నాడు. ఆఖరి బొమ్మలో రాణి కోటగోడ మీద నిలబడి ఉంది. ఎదురుగా ఖాళీ బాట.

మంచం పట్టిన చిన్నవ్వ కబురు మీద కబురు పంపింది, ఆఖరి భాగం వింటానని. తప్పించుకోలేక వెళ్ళాను. పక్కన మనుమరాలు కూర్చుంది. బడిలో తెలుగు చెప్పే పంతులమ్మ. నేను అచ్చు మీద చెయ్యి అడ్డం పెడితే ఆ పిల్ల మెడ చాచింది. అన్నీ కల్పించుకుంటూ, ఆ పిల్ల వైపు చూడకుండా, ఆఖరి బొమ్మ దాకా వచ్చాను.

"వచ్చిండా వాడు?"

ఉన్నది చదివితే, ఇన్నేళ్ళు ఆమె నమ్మినదాన్ని చివరి రోజుల్లో నా నోటితోనే కొట్టేసినట్టు. లేనిది చెబితే పక్కనే సాక్షి.

"తొవ్వల ఉన్నడు చిన్నవ్వా" అన్నాను.

"అండ్ల గట్ల లేదు మామా" అంది పంతులమ్మ.

"నువ్వు ఊకో బిడ్డా." చిన్నవ్వ పుస్తకం తన వైపు లాక్కుంది. "గప్పుడు గూడ బొమ్మలల్ల వాడు లేకుండె. నాకు సదువు రాదు గని, కండ్లు లేవా పిలగా?"

"మరి వారం వారం ఎందుకు అడుగుతుంటివి?"

"వస్తుండని చెప్పెటోడు నాకు ఇంకెవడుండె?"

పుస్తకం అక్కడే వదిలి వచ్చాను.

ఆమె పోయిన పదకొండో రోజున వెళితే మనుమరాలు దాన్ని చేతికిచ్చింది. ఆఖరి పేజీ తీశాను. ఖాళీ బాట మీద గోటి గుర్తులు, ఒకదాని వెనక ఒకటి, గుర్రపు గిట్టల్లా. అన్నీ కోట వైపే వస్తున్నాయి. ద్వారానికి ఇంకా బెత్తెడు దూరం ఉంది.