సైరన్ మోగినా పడుకోని మనిషి

మా బాబాయికి ఫుట్‌బాల్ మేనేజరుగా జీతం మీద ఉద్యోగం వచ్చిందన్న కబురు మా ఇంటికి మొదట తెచ్చింది చింతపండు దీదీ. గీదం నుంచి గంపలో చింతపండు తెచ్చి మా గని కాలనీలో ఇల్లిల్లూ తిరిగి అమ్మే ముసలావిడ. ఆ రోజుల్లో బస్తర్ కొండల మీద కబుర్లన్నీ అలాగే వచ్చేవి. ఆఫీసుకి తెలిసేముందు బస్సు కండక్టరుకి తెలిసేవి, ఇంట్లోవాళ్లకి తెలిసేముందు సంతకి తెలిసేవి. (ఇప్పుడు ఫోన్లొచ్చి కబురు తొందరగానే వస్తోంది కానీ, దాంతో పాటు వచ్చి, కూర్చుని, మంచినీళ్లు తాగి వెళ్లే మనిషి రావడం లేదు.) దీదీ గంప దించి, "మీ దేవర్ మేనేజర్ బన్‌గయా అమ్మా, మిఠాయి పెట్టు" అంది మా అమ్మతో. (దేవర్ అంటే మరిది.) లోపల బియ్యం ఏరుకుంటున్న పిన్ని, అంటే ఆ మేనేజరుగారి భార్య, చేటతో సహా బయటికి వచ్చి, "ఖాయమేనా దీదీ?" అని అడిగింది. మొగుడికి ఉద్యోగం ఖాయమైందని చింతపండు అమ్మే ఆవిడ నోట వినాల్సి రావడం పిన్నికేమీ వింతగా తోచలేదు. దేవుడి గూటి ముందు నిలబడి దణ్ణం పెట్టుకుని, బెల్లం ముక్క తెచ్చి దీదీ చేతిలో పెట్టింది. ఆ ఉద్యోగం ఎలా వచ్చిందో చూసినవాళ్లలో నేనూ ఉన్నాను కనక చెబుతున్నాను.

బాబాయి కొండ మీదికి రాకముందు విజయనగరం వైపు ఒక చిన్న ఊరి క్లబ్బు తరఫున రెండో డివిజన్ ఫుట్‌బాల్ ఆడేవాడు. ఎడమ పక్క వెనక ఆడేవాణ్ణని చెప్పుకునేవాడు. మా నాన్న చెప్పినదాన్ని బట్టి ఇంకా వెనకే, గీత అవతల బెంచీ మీద. ఆ జట్టు ఫోటో ఒకటి మా ఇంట్లో ఉండేది. అందులో బాబాయి మొహం సగమే పడింది, మిగతా సగం కప్పు చాటున ఉంది. (ఆ కప్పు కూడా వాళ్లు గెలిచింది కాదట, ఫోటో కోసం అడిగి తెచ్చుకున్నారట.) తర్వాత మా నాన్న వెనకే గనికి వచ్చి, ఇనుపరాయి జల్లెడ పట్టే ప్లాంటులో చేరాడు. అక్కడ ఎర్రదుమ్ము తప్ప ఇంకేమీ కనిపించదు. నాలుగేళ్లు తిరగకుండా దగ్గు పట్టుకుంది. డాక్టరు, "మందులు రాస్తాను గానీ, మందు కన్నా ఆ దుమ్ములోంచి బయటపడటం ముఖ్యం" అన్నాడు. దుమ్ములోంచి బయటపడే ఉద్యోగం గని కాలనీలో ఎక్కడుంటుంది? పిన్ని రాత్రుళ్లు పడుకోకుండా ఆ దగ్గు వింటూ, ఆగినప్పుడల్లా దేవుణ్ణి తలుచుకునేది. ఆగనప్పుడు ఇంకాస్త గట్టిగా తలుచుకునేది.

డ్యూటీ అయ్యాక గని కుర్రాళ్ల జట్టుని ఆడించే పని బాబాయి మీద పెట్టారు. జీతం లేదు, సాయంత్రం ఒక అరటిపండు, గ్లాసుడు పాలు. అప్పుడే జగదల్‌పూర్‌లో ఒక క్లబ్బువాళ్లు జీతమిచ్చి మేనేజరుని పెట్టుకోవాలని చూస్తున్నారని తెలిసింది. ఆ క్లబ్బు పెద్ద ఒక సేఠ్. "మా మీద మీ జట్టుని ఆడించండి, గెలిస్తే మాట్లాడుకుందాం" అని కబురు పెట్టాడు. గెలిస్తే బాబాయి కొండ దిగుతాడు, ఓడితే మళ్లీ జల్లెడ ప్లాంటు. మా ఇంట్లో ఆ నెల అంతా ఇదే మాట. నాన్నమ్మ దారిలో దంతేవాడ అమ్మవారికి చీర పెడతానని మొక్కుకుంది, జట్టు బస్సులోనే వెళ్లి వస్తానంది. తోడు నేను. (మిగతా పిల్లలకి బడి ఉంది. నా బడి మా వంటిల్లే. అమ్మ లెక్కలు, నాన్నమ్మ పద్యాలు చెప్పేవాళ్లు. వాళ్లిద్దరికీ సెలవు కావాలంటే నాకూ సెలవే.)

ఇక్కడ ఒక సంగతి చెప్పకపోతే తర్వాతది అర్థం కాదు. మా జట్టు ప్రాక్టీసు చేసే మైదానం కొండ మీద గనికి ఆనుకుని ఉండేది. రాయి పేల్చే ముందు గనిలో సైరన్ మోగుతుంది. అది వినగానే ఎక్కడివాడు అక్కడ గోడ చాటుకి వెళ్లాలి. గోడ లేకపోతే నేల మీద బోర్లా పడుకుని తల మీద చేతులు పెట్టుకోవాలి. పేలుడయ్యాక రెండో సైరన్ మోగేదాకా లేవకూడదు. లేచినవాడికి ఆ వారం డ్యూటీ ఉండదు. ఈ విషయంలో బాబాయి మహా కచ్చితం. బంతి గోలు గీత మీద ఉన్నా సరే, సైరన్ మోగితే పడుకోవలసిందే. కిందనున్న మా కాలనీలో కూడా ఆ మోత వినగానే నాన్నమ్మ దీపానికి చెయ్యి అడ్డం పెట్టేది. ఏళ్ల తరబడి అలవాటైపోయి, ఆలోచించే పని లేకుండా ఒళ్లే వంగిపోయేది.

మ్యాచి రోజు బస్సులో నాన్నమ్మ పక్కన సీటు ఖాళీ ఉంటే వచ్చి కూర్చున్నాడు గొల్లపల్లి. ఊరి పేరే ఆయన పేరైపోయింది. కోంట వైపు తెలుగు రైతు, రాయి పిండి చేసే క్రషర్ దగ్గర కాంట్రాక్టరు కింద పని. ముందు వరసలో ఆడేవాడు. బలమైన మనిషే గానీ, జట్టులో మంచి పేరు లేదు. పిలిస్తే పలకడు, విజిల్ వేసినా ఆగడు, అంతా ఆగిపోయాక చుట్టూ చూసి అప్పుడు ఆగుతాడు. పొగరని కొందరు, పట్టుదల అని బాబాయి. నాన్నమ్మకి చెముడు. అందుకని లోకమంతా చెవిటిదనుకుని అరిచి మాట్లాడుతుంది.

"ఏ ఊరు బాబూ మీది?" అని అరిచింది.

"గొల్లపల్లి అవ్వా, కోంట కాడ" అని అంతే గట్టిగా అరిచాడు.

"పెళ్లయిందేటి?"

"అయింది. ఇద్దరు పోరగాళ్లు."

"మరి పెళ్లాన్ని కొండ మీదికి తెచ్చీలేదేటి?"

"ఏంది అవ్వా అట్లంటవు, ఆమె ఈడికొస్తే పొలం ఎవలు జూస్తరు?"

వెనక సీట్లోంచి గోల్‌కీపరు, "ఏం గొల్లపల్లీ, మాతో ఒక్క మాటాడవు, ముసలమ్మతో ముచ్చట్లు బాగా సాగుతున్నాయే" అన్నాడు. ఆయన తల కూడా తిప్పలేదు. "చూశారా, ఎంత పొగరో" అన్నాడు గోల్‌కీపరు. నాన్నమ్మ మాత్రం నాతో, ఆవిడ లెక్కలో గుసగుసగా, అంటే డ్రైవరుకి కూడా వినబడేటట్టు, "ఈ బస్సులో పెద్దల మాట ఇనీ మనిషి ఈడొక్కడేనే" అంది. మేమంతా నవ్వాం. ఆయనా మా మొహాలు చూసి నవ్వాడు.

దంతేవాడలో అమ్మవారికి చీర పెట్టి, కుంకుమ పదకొండు మంది నుదుళ్లకీ నాన్నమ్మే దిద్దింది. మ్యాచి మొదలయ్యాక చూస్తే అమ్మవారు తొందరపడే రకంగా కనబడలేదు. మొదటి సగమంతా బంతి మా వైపే ఉంది. రెండో సగంలో కూడా మావాళ్లు గోలు ముందు గుంపుగా నిలబడి తన్నిన బంతిని తన్నినట్టే బయటికి తన్నడం తప్ప చేసిందేమీ లేదు. బాబాయి తెల్ల ప్యాంటు వేసుకుని గీత పక్కన అటూ ఇటూ నడుస్తూ, మధ్యలో చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతున్నాడు. సేఠ్ పందిట్లో కూర్చుని వాచీ చూసుకుంటున్నాడు. ఒక గోలు పడితే చాలు, మా బాబాయి మళ్లీ దుమ్ములోకి వెళతాడు. నేను కళ్లు మూసుకుని నాకొచ్చిన పద్యాలన్నీ వరసగా చదివేశాను. అయిపోతే మళ్లీ మొదలుపెట్టాను.

అప్పుడు మైదానం వెనకనున్న రైస్ మిల్లులో షిఫ్టు మారే సైరన్ మోగింది.

మావాళ్లు పడుకున్నారు. అంతా ఒకేసారి, గడ్డి కోసినట్టు. బోర్లా, తల మీద చేతులు. గీత పక్కన బాబాయి తెల్ల ప్యాంటుతో సహా పడుకున్నాడు. నాన్నమ్మ నా మెడ పట్టుకుని వంచి, తన చీర కొంగు నా తల మీద కప్పింది. (అంత చెముడులోనూ సైరన్ మాత్రం ఆవిడకి ఎలా వినబడేదో దేవుడికే తెలియాలి.) కొంగు పక్కనుంచి చూశాను. ఆ ఊరివాళ్లంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రిఫరీ విజిల్ నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు. వాళ్ల గోల్‌కీపరు మనసున్నవాడు. వడదెబ్బనుకుని గోలు వదిలేసి, నీళ్ల సీసా పట్టుకుని మావాళ్ల వైపు పరిగెత్తాడు. మైదానం మొత్తం మీద ఒక్క మనిషి మాత్రం బంతి తప్ప ఇంకేమీ చూడకుండా ఎదురు దిక్కుకి పోతున్నాడు. సీసా పట్టుకున్న గోల్‌కీపరూ ఆయనా ఒకరి పక్కనుంచి ఒకరు వెళ్లారు. గొల్లపల్లి ఖాళీ గోలులోకి బంతి తన్ని, చేతులెత్తి వెనక్కి తిరిగాడు. మెచ్చుకోవడానికి నిలబడి ఉన్నవాడు లేడు.

మావాళ్లు లేవలేదు. రెండో సైరన్ మోగాలి కదా. మిల్లుకి ఒకటే సైరన్. జనం నవ్వులు, చప్పట్లు వినబడి చివరికి బాబాయి ఒక కన్ను తెరిచాడు. తర్వాత లేచి ప్యాంటు దులుపుకున్నాడు. విజిల్ వెయ్యలేదు కనక గోలు గోలేనని రిఫరీ తేల్చాడు. మిగిలిన కాస్త సేపూ ఆ ఊరివాళ్లు మావాళ్లు మళ్లీ ఎప్పుడు పడుకుంటారోనని భయపడుతూ ఆడారు. మేం గెలిచాం.

సేఠ్ పందిట్లోంచి దిగి వచ్చి బాబాయి రెండు చేతులూ పట్టుకున్నాడు. "క్యా చాల్ హై సాబ్. పదిమందిని పడుకోబెట్టి ఒక్కణ్ణి వదిలారు. ఇలాంటి ఎత్తు నేనెక్కడా చూడలేదు. ఎలా నేర్పారు?" అన్నాడు హిందీలో. బాబాయి నోరు తెరిచాడు. నిజం చెప్పడానికే తెరిచాడని నా నమ్మకం. కానీ దగ్గు వచ్చింది. ఆ దగ్గు తగ్గేసరికి ఆయన మొహంలో ఏదో మారింది. "ప్రాక్టీస్ హై జీ" అన్నాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. కొండ మీద వాళ్లు రోజూ చేసింది అదే ప్రాక్టీసు.

చింతపండు దీదీ కబురు తెచ్చింది ఆ తర్వాతి వారమే. మా కాలనీలో సన్మానం పెట్టారు. గనిలో భద్రత చూసే సారు కూడా వచ్చి, పరాయి ఊళ్లో సైతం నియమం తప్పని జట్టని పొగిడి అందరికీ దండలు వేశారు. గొల్లపల్లి దగ్గరికి వచ్చేసరికి దండ చేతిలోనే పట్టుకుని, "నువ్వెందుకు పడుకోలేదు?" అని అడిగారు. గొల్లపల్లి నవ్వాడు. సారు మళ్లీ అడిగారు. మళ్లీ నవ్వాడు. అప్పటిదాకా పొగరనుకున్నదీ పట్టుదల అనుకున్నదీ ఏమిటో ఆ వేదిక మీద అందరికీ ఒక్కసారే తెలిసింది. క్రషర్ మోత ఆయన చెవుల్ని ఎప్పుడో తినేసింది. పక్కవాళ్లు పరిగెడితే తనూ పరిగెత్తి, వాళ్లు పడుకుంటే తనూ పడుకుని, ఇన్నాళ్లూ నెట్టుకొచ్చాడు. సైరన్ వినబడని మనిషిని గనిలో ఉంచకూడదన్నారు. ఆ మాట న్యాయమే, నేను కాదనను. కాంట్రాక్టరు ఆ వారమే లెక్క తేల్చి పంపేశాడు. ఒకే గోలు ఒకరిని దుమ్ములోంచి బయటికి తెచ్చింది, ఇంకొకరిని పనిలోంచి బయటికి పంపింది.

బాబాయి ఊరుకోలేదు. గొల్లపల్లి గది దాకా వెళ్లి, మాట వినబడదు కనక చేతులతో సైగ చేస్తూ, "నాతో రా, మా క్లబ్బులో ఆడిస్తాను" అన్నాడు. ఆయన మూట కట్టుకుంటూ, "వద్దు సారూ, నాకు ఎడ్లే నయం. వాటికి విజిల్ ఉండదు" అన్నాడు. ఆ మాట చెబుతూ బాబాయి మా ఇంట్లో నవ్వబోయాడు గానీ, పూర్తిగా నవ్వలేకపోయాడు.

తర్వాత బాబాయి చాలా క్లబ్బులకి మేనేజరుగా చేశాడు. గెలిచినవి తక్కువే అయినా, ఎక్కడికెళ్లినా ఆ సైరన్ ఎత్తు ఆయనకంటే ముందు వెళ్లి కూర్చునేది. ఇప్పటికీ సన్మానాల్లో శాలువా కప్పించుకుని ఆ కథ చెబుతాడు. ఏటికేడాదీ ఎత్తు పదును తేలుతోంది. మొన్న చెప్పినప్పుడు గాలి ఏ వైపు వీస్తోందో కూడా ముందే చూసుకున్నాడట. నేను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొడతాను. ఆయన అబద్ధమాడుతున్నాడని అనుకోను. అంతకాలం చెబితే ఎవరికైనా అది నిజమైపోతుంది. పైగా ఆ అన్నం మేమూ తిన్నాం.

నా పెళ్లయిన చాలా ఏళ్లకి భద్రాచలం వెళుతుంటే బస్సు కోంటలో ఆగింది. గొల్లపల్లే నన్ను గుర్తుపట్టి కిటికీ దగ్గరికి వచ్చాడు. జుట్టు నెరిసింది, భుజం మీద కండువా, చేతిలో ఎడ్లకి కొన్న కొత్త పలుపులు. "మీ బాబాయికి దగ్గు తగ్గిందా అమ్మా?" అని అరిచాడు. ఆయన అడిగింది అదొక్కటే. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి, "తగ్గిందండీ, పూర్తిగా తగ్గింది" అని అంత గట్టిగా అరిచేసరికి, ఎవరితోనో తగువు పడుతున్నాననుకుని కండక్టరు పరిగెత్తుకొచ్చాడు. ఊళ్లో పెద్దగా మాటాడటానికి కూడా సిగ్గుపడే నేను, బస్టాండంతా తిరిగి చూస్తుంటే ఇంకోసారి అరిచాను. ఆయనకి వినబడిందో, నా మొహం చూసి తెలుసుకున్నాడో గానీ, "మంచిది, మంచిది" అని తల ఊపాడు.

పేలుడు రాళ్ల కింద పడకుండా ఆయన్ని కొండ దింపినందుకు దేవుడికి రోజూ దణ్ణం పెడతాను. అలా దింపాలా, పొట్ట మీద కొట్టకుండా దింపే దారి నీకు లేదా అని అప్పుడప్పుడు అడుగుతాను కూడా. ఇంకా జవాబు రాలేదు. మీలో దీపం పెట్టే అలవాటున్నవాళ్లుంటే, మీవాళ్ల పేర్లన్నీ చెప్పుకున్నాక, చివర్న ఆ గొల్లపల్లి రైతుని కూడా ఒక్కసారి తలుచుకోండి.