ఇద్దరికి బుక్కయిన నలభై రెండో ప్లాటు

2018లో, ఇబ్రహీంపట్నం దగ్గర ఒక వెంచర్ ప్రారంభం రోజున, నా ప్రోగ్రాంలో ఉన్న తప్పును నేను ఒక వంట మనిషి వేలి మీదికి నెట్టాను. ఆమె నా మాట నమ్మింది.

అప్పటికి నేను బస్ డిపో దగ్గర టైర్ల దుకాణం పైగదిలో కూర్చుని వెబ్‌సైట్లు చేసేవాణ్ణి. ఫంక్షన్ హాలుకొకటి, ఫోటో స్టూడియోకొకటి, కోచింగ్ సెంటర్‌కొకటి. అవన్నీ ఒక రకంగా గోడ మీది బోర్డులే. జనం చూసి, ఫోన్ నంబరు రాసుకుని పోతారు. సాగర్ రోడ్డు పొడవునా ప్లాట్లు పడుతున్న రోజులవి. ఒక వెంచర్ కంపెనీ మేనేజరు శ్రీధరన్న నన్ను పిలిపించాడు. ఫోన్‌లోనే ప్లాటు ఎంచుకుని, టోకెన్ అడ్వాన్సు కట్టి బుక్ చేసుకునే సాఫ్ట్‌వేర్ కావాలన్నాడు. ఇది నిలబడితే తమ మిగతా వెంచర్లూ నాకేనన్నాడు. నాకదే మొదటి పెద్ద పని.

వెంచర్లలో ఒక పద్ధతి ఉంది. లేఅవుట్ మ్యాపు గోడకు పెడతారు. ప్లాటు ఖాయం కాగానే ఏజెంటు లేచి వెళ్లి దాని మీద ఎర్ర స్టిక్కర్ అంటిస్తాడు. ఇక దాని జోలికి ఎవరూ పోరు. ఆ మ్యాపును నేనే తీసేయించాను.

"స్టిక్కర్ ఉంటే జర ధైర్యముంటుండె తమ్మీ," అని ఒక ఏజెంటు గొణిగాడు.

"గా కాలం పోయిందన్నా," అన్నాను.

ఆ స్టిక్కర్ చేసే పనిని మా భాషలో లాక్ అంటారు. ఒకరు ప్లాటు ఎంచుకుని టోకెన్ కడుతున్నంతసేపు అది ఇంకొకరికి దొరక్కుండా పట్టి ఉంచడం. నేను లాక్ పెట్టలేదు. గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ఒక్క ఫోనుతో పరీక్షించాను. ఒకే ప్లాటు మీద ఇద్దరు ఒకేసారి చెయ్యి వేస్తారని తోచనే లేదు.

ఆ రోజు షామియానా కింద నా పక్కన వచ్చి కూర్చున్నది యాదమ్మ. కాలేజీ హాస్టల్‌లో వంట చేస్తుంది. పెళ్లయినప్పటి నుంచీ అద్దె గదులే. ఆమె చెల్లెలు లలిత నలభై ఒకటో ప్లాటు ముందే తీసుకుంది. పక్కది దొరికితే నడుమ గోడ లేకుండా ఇద్దరూ ఇళ్లు కట్టుకోవాలని వాళ్ల ఆశ.

"నాకు చేతనైతదా తమ్మీ?"

"నీలం బటన్ నొక్కక్కా, గంతే."

నొక్కింది. నలభై రెండు ఎర్రగా మారింది. మెసేజ్ రాగానే ఫోనును కళ్లకు అద్దుకుంది.

కాసేపటికి శ్రీధరన్న నన్ను షామియానా వెనక్కి లాక్కుపోయాడు.

"నలభై రెండు మీద ఇద్దరున్నరేందిరా?"

సిటీలో ఉద్యోగం చేసే కిరణ్ అనే అతను, యాదమ్మ టోకెన్ పడేలోపు, తన ఆఫీసు నుంచి అదే ప్లాటు నొక్కాడు. ఇద్దరికీ ఖాయమైనట్టు మెసేజ్ పోయింది.

"కిరణ్ వెనక నలుగురు దోస్తులున్నరు, వాళ్లు గూడ ప్లాట్లు తీస్కుంటరు. సాయంత్రం వచ్చి అగ్రిమెంట్ మీద సంతకం పెడ్తడు. ఆమెను తీసెయ్."

"ఏమని చెప్పాల్నే?"

"రెండుసార్లు నొక్కింది, క్యాన్సిలయిందను. ఆమెకేం తెలుస్తది?"

అదే మాట వెళ్లి చెప్పాను. చివరన మురుగు పారే నాలా పక్క ప్లాటు ఒకటి ఉంది, అది తీసుకోమన్నాను. ఆమె వెంట వచ్చిన లలిత మొగుడు మల్లేశ్ నలుగురిలో అందుకున్నాడు.

"ఫోన్ నాకియ్యి వదినా అంటే ఇంటివా? పెద్ద ఇంజినీరు లెక్క కూసుంటివి! ఇగ నాలల కట్టుకో ఇల్లు!"

లలిత మొహం తిప్పుకుంది. యాదమ్మ తన వేలు చూసుకుంది.

"ఒక్కపారే నొక్కిననే... ఏమో, మల్ల తాకిందేమో. తమ్మి పక్కనే ఉండె గద, తమ్మికి తెల్వదా?"

నాకు తెలుసు. తల దించుకుని ల్యాప్‌టాప్ మూత తెరిచాను. వాళ్లు అన్నం కూడా తినకుండా ఆటో ఎక్కి తాముండే కోహెడకు వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నమంతా కారు ఆగిన చప్పుడు విన్నప్పుడల్లా కిరణేమోనని లేచి చూశాను. సంతకం పడితే ఇక ఆమెకు దారి లేదు. చెప్పేస్తే నాకు ఈ పనీ లేదు, రాబోయే పనులూ లేవు. సాయంత్రం కిరణ్ వచ్చాడు, దోస్తులతో నవ్వుతూ కూర్చున్నాడు. శ్రీధరన్న అగ్రిమెంట్ తిప్పి పెన్ను అందించాడు.

"సంతకం పెట్టకండి," అన్నాను. "అది మీకంటే ముందు ఒకామె బుక్ చేసుకుంది. తప్పు నా సాఫ్ట్‌వేర్‌ది. ఆమె నొక్కినప్పుడు నేను పక్కనే ఉన్నాను."

"నువ్వు బయటికి నడువ్!" అని శ్రీధరన్న లేచాడు.

కిరణ్ పెన్ను కింద పెట్టాడు. "అంటే రేపు ఆమె కోర్టుకు పోతే నేను తిరగాల్నా? నాకొద్దన్నా గీ పంచాయతీ." దోస్తులూ అతని వెంటే లేచారు.

ఏజెంట్లంతా విన్నారు కాబట్టి కంపెనీకి నలభై రెండును యాదమ్మకు ఇవ్వక తప్పలేదు. నన్ను పనిలోంచి తీసేశారు. పోయేముందు లాక్ రాసి, రెండు ఫోన్లతో నొక్కి చూసి, మ్యాపు మళ్లీ గోడకు పెట్టించి వచ్చాను. చిన్న పనిలో నా తప్పు నా దుకాణం దాటేది కాదు. పెద్ద పనిలో అది ఎక్కడో నాకు తెలియని మనిషి మీద పడుతుందని, దాన్ని ఎదురు చెప్పలేని మనిషి మీదికే తోయబుద్ధి అవుతుందని అప్పుడు తెలిసింది.

ప్లాటు దక్కిందని యాదమ్మకు ఫోన్‌లో చెబితే సరిపోయేదే. కానీ ఆమె పోగొట్టుకున్నది ప్లాటు ఒక్కటే కాదు. మరునాడు కోహెడకు వెళ్లి, లలిత, మల్లేశ్ ఉండగానే చెప్పాను. "అక్క ఒక్కసారే నొక్కింది. సరిగ్గా నొక్కింది. నేనే అబద్ధమాడాను."

"నిన్ననే చెప్పనీకె నోరు రాలేదా?" అంది యాదమ్మ.

మల్లేశ్ గోడ వైపు చూస్తున్నాడు. ఆమె అతన్ని చూసి, నా వైపు తిరిగింది.

"మా మరిదికి సరిగ్గ ఇనరాలేదు తమ్మీ. ఇంకోపారి చెప్పు."

మళ్లీ చెప్పాను.