పిళ్ళప్ప చెంబు

శిడ్లఘట్టలో పట్టునూలు తీయించే పిళ్ళప్పకు ఒకే ఒక్క పిచ్చి: ఆయన ఇంట్లో ఏ వస్తువూ ఉన్నచోటు నుంచి జానెడు జరగకూడదు. కాశీలో గంగ పక్కకు జరిగినా ఊరుకునేవాడేమో గాని, నీళ్ళతొట్టికి కుడిపక్కనున్న రాగిచెంబు ఎడమపక్కకు పోతే మాత్రం ఊరుకునేవాడు కాదు.

నేను పంతొమ్మిదివందల ముప్పై ఎనిమిదిలో చింతామణి నుంచి చిక్కబళ్ళాపురానికి నడిచిపోతూ, వాన పట్టుకుంటే ఆయన ఇంట్లో దిగాను. కాళ్ళు కడుక్కుని చెంబు గట్టు మీద పెట్టానో లేదో, లోపలినుంచి గర్జన.

"ఎవురప్పా చెంబును దేశాంతరం పంపించినది?"

"నేనేనప్పా. జానెడు దూరమే కదా!"

"జానెడు జానెడు జరిగితే చింతామణి చేరుతుంది. యాడిది ఆడే పెట్టప్పా!"

తర్వాతి రోజుల్లో ఆ చివరి మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పెండ్లి పిలుపుకు వచ్చిన పెద్దమనిషి గడప ముందు చెప్పులు విడిస్తే, పిళ్ళప్ప ముందు చెప్పులను గోడకు చేర్చి, ఆ తర్వాతే మనిషిని పలకరించాడు. ఉప్పు పిడత, కారం పిడత తారుమారైతే ఒకసారి అన్నం ముందునుంచి లేచిపోయాడట.

"ఇంక నన్నూ ఒకతావ నిలబెట్టి చుట్టూ ముగ్గు గీసేది ఒకటే తక్కువప్పా," అనేది ఆయన భార్య పుట్టమ్మ.

సముద్రం మీద తిరిగే ఓడల్లో ప్రతి తాడుకూ ఒక కొక్కెం ఉంటుందనీ, తుఫాను చీకట్లో చెయ్యి చాస్తే ఆ తాడే చేతికి రావాలనీ ఎక్కడో చదివాను. శిడ్లఘట్టకు సముద్రమెక్కడిది? అయినా ఆ ఓడ మాటే పిళ్ళప్పతో అన్నాను.

"నీ ఓడ సంగతి సరేప్పా, నీ పుస్తకాల మూట తోవలోనుంచి తియ్యి," అన్నాడు.

వసారాలో మునిలక్ష్మమ్మ అనే ముప్పై ఏళ్ళ మనిషి పొద్దంతా పట్టుగూళ్ళు ఏరుతూ కూర్చునేది. ఒక్కో గూడును వేళ్ళతో నొక్కి చూసి, చెవి దగ్గర ఆడించేది. లోపలి పురుగు టకటకమంటే మంచి గూడు, కుడిచేటలోకి. చప్పుడు లేకపోతే లోపల కుళ్ళిందని ఎడమచేటలోకి. వేళకు లేచి నీళ్ళు తోడుకునేది, పొయ్యి దగ్గరికి పోయేది, వచ్చేది.

నాలుగో రోజు ఆమె అన్న గురప్ప తొండేభావి నుంచి బండి కట్టుకుని వచ్చాడు. ఆయన మాటల్లోనే నాకు తెలిసింది, చిన్నప్పుడు అమ్మవారు పోసి ఆమె చూపు పోయిందని. మూడు రోజులు ఒకే కప్పు కింద తిని, ఇన్ని గ్రంథాలు చదివిన నా కండ్లకు ఆ సంగతి ఆనలేదు. ఆమె ఎక్కడా తడుముకుంటే కదా! పిళ్ళప్ప ప్రతి వస్తువుకూ ఓడతాడు కొక్కెంలా ఒక చోటు ఎందుకు పెట్టాడో నాకప్పుడు అర్థమైంది.

ఏడాది కింద గూళ్ళు కొనడానికి ఆ ఊరు పోయినప్పుడు, మూలన కూర్చున్న ఆమె ఒక గూడును చెవి దగ్గర ఆడించి "ఇది కుళ్ళింది" అనడం చూసి, పని నేర్పిస్తానని పిళ్ళప్ప వెంట తెచ్చుకున్నాడట. ఇప్పుడు ఆమె పక్కవీధిలో ఒక గది చూసుకుంది, ఒంటిగా కాపురముంటానంటోంది.

"ఎన్నడో ఒకనాడు చెయ్యి కాల్చుకుంటుంది," అన్నాడు గురప్ప. కటువైనవాడు కాదు, భయపడినవాడు. "ఈ దినం ఎవురూ చెయ్యి పెట్టకుండా రాగిముద్ద కెలికి నాకు పెట్టల్ల. పెట్టిందా, ఉండనీ. లేదా, బండెక్కల్ల."

మునిలక్ష్మమ్మ పొయ్యి రాజేసింది. ఎసరుకు నీళ్ళు ముంచుదామని తొట్టి కుడిపక్కకు చెయ్యి చాచింది. చెంబు లేదు. చెయ్యి గాలిలో నిలిచిపోయింది.

పొద్దున ముఖం కడుక్కుని దాన్ని కిటికీలో వదిలేసినవాణ్ణి నేనే!

"వద్దులేమ్మా, నేనుండానుగా," అంటూ గురప్ప లేచాడు. నేనూ లేవబోయాను. పిళ్ళప్ప నా మోకాలు గట్టిగా నొక్కి, "కూర్చోప్పా," అన్నాడు.

ఆమె మా వైపు తిరిగింది.

"పుస్తకాలప్పా! మీరే కదా చెంబు జరిపినది? ఈ ఇంట్లో అంత ధైర్యం ఇంకెవురికీ లేదు."

"నేనేనమ్మా."

"యాడ పెట్టినారు?"

"కిటికీలో. తెచ్చిస్తానుండు."

"వద్దప్పా. నోటితో చెప్పినారు, చాలు. కిటికీ యాడుండాదో నాకు తెలుసు."

నాలుగడుగులు పోయి తెచ్చుకుంది. నీళ్ళు పోసి, రాగిపిండి వేసి, కట్టెతో కెలికి, ఉండకట్టకుండా ముద్దలు చేసింది. గురప్ప రెండు తిని, మూడోదానికి కంచం చాచాడు. సాయంత్రం గురప్ప బండి ఆమె లేకుండానే తొండేభావికి పోయింది.

నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ ఆ దారిన పోతూ మునిలక్ష్మమ్మ గదికి వెళ్ళాను. పిళ్ళప్ప అక్కడే, వాకిట్లో నీళ్ళతొట్టి దగ్గర ఉన్నాడు. నీళ్ళు తాగి, నా కళ్ళముందే చెంబును మెల్లగా తొట్టికి అవతలి పక్కన పెట్టాడు.

"యాడిది ఆడే పెట్టప్పా!" ఆ కాస్త చప్పుడుకే లోపలినుంచి మునిలక్ష్మమ్మ గర్జన. "జానెడు జానెడు జరిగితే చింతామణి చేరుతుంది!"

పిళ్ళప్ప బుద్ధిగా చెంబు తీసి కుడిపక్కన పెట్టాడు.

"తెలిసి తెలిసి ఎందుకప్పా జరిపినావు?" అని గుసగుసగా అడిగాను.

"వారానికొకసారి ఆ తిట్టు తింటే గాని నాకు ముద్ద అరగదప్పా," అన్నాడు, ముఖమంతా నవ్వుతో.

నేను చప్పుడు చేయకుండా నా పుస్తకాల మూటను తోవలోనుంచి తీసి గోడకు చేర్చాను.