కేకేసి కొట్టిన కాక్

కార్తీకమాసం, ఆదివారం, సాయంత్రం సరిగ్గా నాలుగుంపావు. గడియారం మేష్టారి చేతికుంది, ఆయనే చూసి చెప్పేరు. డెబ్బైల చివర్లో సంగతి.

మలికిపురం దగ్గర మా పేటలో, బడి ముందు జాగాలో పాత చేపల వల కట్టి బాడ్మింటన్ ఆడేవాళ్లం. నాది కొబ్బరి దింపు పని. పొద్దున్నుంచి చెట్లెక్కి కాయ దింపే భుజం. ఆ భుజంతో కొడితే కాక్ ఈకలు ఊడేవి. అయినా మేష్టారి మీద ఒక్క ఆటా గెలవలేదు. ఆయన యాభై ఏళ్ల బక్కమనిషి. గట్టిగా కొట్టడం అసలు రాదు. కానీ ఎంత గట్టిగా కొట్టినా ఎత్తి మళ్లీ నా నెత్తి మీదకే పంపేవారు. కొట్టీ కొట్టీ నేనే ఆయాసపడి ఓడేవాణ్ణి.

ఆ రోజు పందెం కట్టేం. నేను ఓడితే ఆయన నడిపే వయోజన బడిలో చేరాలి. గెలిస్తే ఆయన చదువు మాట మళ్లీ నా దగ్గర ఎత్తకూడదు. నలభై ఏళ్లకి పలక పట్టడం ఒక సిగ్గు. మా ఆవిడ అప్పటికే రెండు నెలలుగా అక్కడ చదువుతోంది. ఆవిడ వెనక చాప మీద కూర్చోవడం ఇంకో సిగ్గు.

ఆయనకి పదమూడు, నాకు పది ఉండగా మంచినీళ్లకి ఆగేం. మా ఆవిడ చెంబు అందిస్తూ మెల్లిగా అంది.

"మావా, నువ్వు 'కాయ' అని అరిచి మరీ కొడతన్నావు. ఆయన కాచుకోడా?"

గెల కోసే ముందు కిందవాళ్లు తప్పుకోడానికి "కాయ" అని కేకెయ్యడం మా పనివాళ్ల పద్ధతి. గట్టిగా కొట్టాలని చెయ్యెత్తగానే నోరు దానంతటదే అరిచేదంట. నాకు తెలీదు. పేటంతటికీ తెలుసు. మేష్టార్ని అడిగేను.

"వినపడుతూనే ఉందయ్యా," అన్నారు. "ఎదటివాడికి చెప్పి ఆడతారా ఎవరైనా?"

సరే అనుకున్నాను. ఈసారి కావాలనే కేకేసి, కాక్‌ని ఊరికే వల మీంచి అటు జారవిడిచేను. మేష్టారు రెండడుగులు వెనక్కేసి నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నారు. మళ్లీ అంతే. మూడోసారి చూసేవాళ్లు కూడా వెనక్కి జరిగేరు. కొబ్బరిచెట్ల కింద పుట్టినోళ్లు, ఆ కేక వింటే కాలు ఆగదు. అలా నాలుగు నావి, ఆఖర్న ఒకటి ఆయనది. పద్నాలుగు, పద్నాలుగు. ఇంక ఒక్కటి ఎవరిదైతే వాళ్లదే ఆట.

సర్వీసు మేష్టారిది. కాక్ ఎత్తుగా, తాపీగా నా మీదకి దిగింది. మెల్లిగా జారవిడిస్తే అయిపోను. అంత బాగా దిగుతుంటే నా చెయ్యి ఆగలేదు. కేకేసి పీకేను. మేష్టారు భయపడి కళ్లు మూసుకుని మొహానికి రాకెట్ అడ్డం పెట్టుకున్నారు. దానికి తగిలి తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర పడింది.

నేను తప్పించుకోనని ఎవరికీ నమ్మకం లేదు. ఆట దగ్గరున్నవాళ్లే మర్నాడు నన్ను బడి గుమ్మం దాకా నడిపించుకెళ్లేరు. వాళ్లెవరంటే: మేష్టారు, మేష్టారి భార్య, మా ఆవిడ, మా బావమరిది, కాయ వలిచే అన్నదమ్ములిద్దరు, వల ఇచ్చిన చేపల మామ్మగారు, దారిన పోతూ సైకిలు దిగిన పోస్టుమేను. తొమ్మిదో వాణ్ణి నేను.