పాటలేసే సుబ్బన్న పళ్ళపొడి

మొన్న పంటి డాక్టరు గదిలో నోరు తెరుచుకుని కూర్చున్నప్పుడు, ఆయన దూదికి అద్దిన లవంగనూనె వాసన తగిలి, నొప్పి సంగతి మరిచిపోయి, రాజంపేటలో మా ఇంటి వెనక వసారాకు వెళ్ళిపోయాను. అక్కడ మా అమ్మా, ఇద్దరు కూలి ఆడవాళ్ళూ రోట్లో లవంగాలూ, పటికా, ఎండబెట్టిన ఉప్పూ దంచుతుంటే, జల్లెడ పట్టిన సుద్దపొడి వాళ్ళ కనురెప్పల మీద కూడా తెల్లగా పేరుకునేది. కర్పూరం ఘాటుకు మాకు కళ్ళ వెంట నీళ్ళు కారేవి. మజ్జిగన్నంలోనూ, నా తల దువ్వెనలోనూ అదే వాసన. అది మా నాయన సుబ్బన్న సగం పొలం అమ్మి పెట్టిన పళ్ళపొడి వ్యాపారం. దానికి ఆయన వాళ్ళమ్మ పేరు, అంటే మా జేజి పేరు పెట్టి 'నాగమ్మ పళ్ళపొడి' అన్నాడు. జేజికి అప్పటికే నోట్లో ఒక్క పన్ను లేదు. ఆ సంగతి తెలియనివాళ్ళు ఊళ్ళో లేరు.

అవి యాభైల నాటి రోజులు. మా సీమ జనానికి పళ్ళు తోముకోవడానికి వేపపుల్ల చాలు, అది దొరక్కపోతే బొగ్గూ ఉప్పూ. పొట్లాలు అంగట్లో పెట్టినవి పెట్టినట్టే ఉండేవి. అప్పుడు మద్రాసు నుంచి వచ్చిన ఒక ఏజెంటు నాయనకు రేడియో ఆశ పెట్టాడు. మన దేశపు రేడియోలో ఆ కాలాన వ్యాపార ప్రకటనలు వేసేవాళ్ళు కాదు గానీ, సముద్రం అవతల సింహళం నుంచి వినిపించే స్టేషనులో వేసేవాళ్ళు. ఆదివారం సాయంత్రం కాసేపు తెలుగు సినిమా పాటలొస్తాయి, ఆ ఖర్చు మీరు పెట్టుకుంటే మొదటా చివరా మీ పొడి పేరు చెబుతారు, పాట విన్న మనిషి అభిమానం కొద్దీ మీ సరుకే కొంటాడు అని చెప్పి ఒప్పించాడు. ఎండాకాలం దాకా ఒప్పందం. జేజి వద్దు వద్దంటున్నా నాయన మిగిలిన పొలం కూడా అమ్మేశాడు. ఇది గనక తప్పితే మాకు గింజలొచ్చే చేను లేదు.

మొదటి ఆదివారం మా వీధి వీధంతా మా అరుగు మీదే ఉంది. చలికాలం, అప్పుడే కల్లాల నుంచి వచ్చిన చెనిక్కాయలు అమ్మ గంగాళంలో ఉడకబెట్టింది. ఆ ఉప్పునీటి ఆవిరి, కొత్త రేడియో వేడెక్కితే వచ్చే లక్క వాసన, గొంగళ్ళ వాసన అన్నీ కలిసిపోయాయి. వెదురు గడకు కట్టిన ఏరియల్ తీగను ఒకరు అటు తిప్పమంటే ఒకరు ఇటు తిప్పమన్నారు. గరగర మధ్య నుంచి ఒక కంఠం "రాజాపేట నాగమ్మ పళ్ళపొడి వారు సమర్పిస్తున్న పాటలు" అంది. నాయన ముఖం వెలిగిపోయింది. జనం ముఖాలు మాడిపోయాయి.

"ఏమప్పా సుబ్బన్నా, మన ఊరి పేరు గూడ సరిగ్గా చెప్పించలేకపోతివే" అన్నాడు బట్టల అంగడి ఓబుళయ్య, చెనిక్కాయ వలుచుకుంటూ.

నాయన ఏజెంటుకు జాబు మీద జాబు రాస్తే కొన్ని వారాలకు రాజంపేట సరిగ్గానే పలికింది, ఈసారి నాగమ్మ కాస్తా నాగయ్య అయింది. జేజి ఆ పూట అన్నం ముట్టలేదు.

ఇక అక్కడి నుంచి మొదలైంది మా అవస్థ. పాటలు మా నాయనే ఏరి వేస్తాడని ఊరంతా నమ్మింది. పొద్దున్నే పాలు పోసే ఆమె "నిన్న ఏడుపు పాట ఏసినాడే, మీ ఇంట్లో ఎవురికన్నా బాగలేదా" అనేది. గరగర ఎక్కువైతే తప్పు మాదే. రేడియోకు అంత దగ్గరి మనిషివి, వాన ఎప్పుడొస్తాదో కనుక్కోరాదా అని రైతులు అడిగేవాళ్ళు. బడిలో మా అయ్యవారు లెక్కల మధ్యలో ఆపి, ఫలానా పాట వేయమని మీ నాయనకు చెప్పు అని నాతో అనేవాడు. ఇంత అభిమానం చూపినవాళ్ళు పొద్దున లేచి నోట్లో పెట్టుకునేది మాత్రం వేపపుల్లే. నాకు ఒళ్ళు మండిపోయేది.

అయితే పొట్లాలు కొద్దికొద్దిగా కదలడం మొదలైంది. ఎవరు వాడుతున్నారో మాకు అంతుపట్టలేదు. ఉగాదికి అమ్మ పక్కింటి కాశింబీకి బెల్లం పూర్ణం పెట్టిన బక్షాలు ఇవ్వడానికి పోయి వస్తూనే, పనిలో ఉన్న నాయనను పిలిచింది.

"కాశింబీ పెరట్లో ఇత్తడి బిందెలు బంగారమట్ల మెరుస్తాండాయి. పక్కన మన పొట్లం చించి ఉండాది. సుబ్బన్న పాటలు వినిపిస్తాండాడు, ఊరికే వింటే బాగుండదని మొగమాటానికి కొన్యారంట. కొని చింతపండుతో కలిపి బిందెలు తోముకుంటాండారు. వీధంతా అంతేనంట."

నాయన అరుగు మీద కూలబడ్డాడు. "మా అమ్మ పేరు పెట్టుకున్యానే, అంట్లు తోమేదానికా" అన్నాడు.

"పండ్లు తెల్లగయితే ఏమి, బిందెలు మెరిస్తే ఏమి. కొంటాండారు గదా" అంది అమ్మ.

నాయన జేజి వైపు చూశాడు. పొలం పోయినప్పటి నుంచి ఆమె ఆయనతో సరిగ్గా మాట్లాడింది లేదు. వక్కాకు దంచుకుంటున్న ఆమె తలెత్తకుండానే అంది: "పండ్లు నాకు ఎప్పుడో ఊడిపాయ. బిందెలు పుట్టినప్పటి నుంచీ తోముతాండా. నా పేరు దేనికి సరిపోతాదో నువ్వే చూసుకో."

నవ్వు మరిచిన ఆ ఇంట్లో ముందు అమ్మ నవ్వింది. ఒప్పందం తీరేలోపు నాయన రేడియోలో మాట మార్పించాడు: ఇత్తడికి, రాగికి నాగమ్మ పొడి. లవంగాలు మానేశాం, సుద్ద పెంచాం. కడప, ఎర్రగుంట్ల అంగళ్ళ నుంచి మనుషులు వచ్చి మూటలు తీసుకుపోయారు. పోయిన పొలంలో కొంత మళ్ళీ మా చేతికొచ్చింది. ఒప్పందం తీరగానే నాయన పాటలు మానేస్తే, ఊరు ఆయనను చాలాకాలం క్షమించలేదు.

ఆ తర్వాత స్టీలు బిందెలొచ్చాయి, ఇత్తడివి తూకానికి పోయాయి, వాటితోపాటే మా పొడీ పోయింది. రోలున్న వసారా పడగొట్టి గదులు కట్టారు, మా పొట్లాలు పెట్టిన అంగడిలో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పోయిన నెల ఆ వీధిలో నిలబడి చూస్తుంటే కర్ర పట్టుకున్న ఒక ముసలామె దగ్గరికొచ్చి, "పాటలేసే సుబ్బన్న కూతురివి గదా" అంది. పొడి ఊసే ఎత్తలేదు.

"మీ నాయన శానా మంచోడు. అయినా నేనడిగిన పాట ఒక్కటి మాత్రం ఎయ్యనే లేదు."

ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏ పాటవ్వా?" అన్నాను.

ఆమె కాసేపు ఆలోచించింది. "అది గుర్తు లేదమ్మా. ఎయ్యలేదనేదే గుర్తుండాది."